బి సెవెన్ కోసం బస్సెక్కినవాళ్లు

మొన్న మాఘమాసంలో మా అక్కయ్య కూతురికి విజయవాడలో నిశ్చితార్థం జరిగింది. తాంబూలాలు మార్చుకున్నాక, విస్తళ్లు వేసేలోపు ఓ అరగంట ఖాళీ దొరికింది. మన ఇళ్లలో ప్రమాదాలన్నీ ఇలాంటి అరగంటల్లోనే జరుగుతాయి. "మీవాడు గిటారు నేర్చుకుంటున్నాడటగా, ఏదీ, ఓ పాట వాయించమనండి" అన్నారు పెళ్లికొడుకు వైపు పెద్దాయన. మా అక్కయ్య కొడుకు సిగ్గుపడుతూనే లోపలికెళ్లి గిటారు తెచ్చుకున్నాడు. తన పాటేదో తను వాయించుకుని ఊరుకుంటే బాగానే ఉండేది. మా మేనత్త పడనిస్తేగా! ఆవిడకి డెబ్బయ్యారేళ్లు. "నాకు తెలిసిన పాట వాయించరా, నేను పాడతాను" అంది. ఏదో పాత సినిమా పాట. అదృష్టమో దురదృష్టమో, వాడికీ వచ్చు. నాలుగే నాలుగు కార్డులతో నడిచిపోయే పాట. (కార్డంటే రేషను కార్డు కాదు లెండి, మూడు స్వరాల్ని ఒక్కసారిగా కలిపి మోగించడం.)

వాడు జి మేజర్‌లో ఎత్తుకున్నాడు. అత్తయ్య తన శ్రుతిలో తను ఎత్తుకుంది. రెంటికీ మధ్య మూడు మెట్ల తేడా. ఎడ్లబండి ఒక దారినా, ఎడ్లు ఇంకో దారినా పోతున్నట్టుంది. వాడు ఆపి, "అమ్మమ్మా, కొంచెం పైకి పాడవూ" అన్నాడు. "డెబ్బయ్యారేళ్ల గొంతు పైకెక్కడికి పోతుందిరా, నువ్వే కిందకి రా" అంది ఆవిడ. చాలా న్యాయమైన మాట. వాడికి కిందకి రావడం తెలియదు. ఇంకోసారి మొదలెట్టాడు, ఇంకోసారి ఆగాడు. ఎవరో కిసుక్కుమన్నారు. వాడి చెవులు ఎర్రబడ్డాయి. ఇంతలో విస్తళ్లు వేశారు కాబట్టి సరిపోయింది గాని, ఆ సాయంత్రం గిటారు సంచీలోకి పోయింది, సంచీ బీరువా మీదకి పోయింది. ఉగాది దాకా దించలేదు.

ఇందులో వాడి తప్పు పిసరంత కూడా లేదు. తప్పు వాడు చదువుకున్న పుస్తకాలది. ఆ పుస్తకాలు నాకు తెలుసు. తెలియడమేమిటి, నా దగ్గరే ఆరేడున్నాయి. నవల ముందుకు సాగనప్పుడల్లా పుస్తకాలు కొనడం నాకో జబ్బు. రెండేళ్లుగా నేను కూడా, మా వీధి చివర చర్చిలో గిటారు వాయించే మాస్టారి దగ్గర, వారానికి రెండు గంటలు వేళ్లు కాయలు కాయించుకుంటున్నాను. మావారు ఈ విషయం ఇంకా నమ్మరు.

ఈ పుస్తకాలకి పెద్దదిక్కులాంటిది 1957లో ఇంగ్లండులో వచ్చింది. బర్ట్ వీడన్ అనే గిటారు వాద్యకారుడు రాశాడు. పేరు 'ప్లే ఇన్ ఎ డే'. ఒక్కరోజులో వాయించేయవచ్చునట! పేరు చూసి మనం నవ్వుకోవచ్చు గాని, లక్షల ప్రతులు అమ్ముడుపోయిన పుస్తకం అది. జార్జ్ హారిసన్, ఎరిక్ క్లాప్టన్, బ్రయన్ మే వంటివాళ్లు పిల్లలుగా ఉన్నప్పుడు దాన్ని ముందు పెట్టుకుని కూర్చున్నవాళ్లే. కాబట్టి దాన్ని నేను తేలిగ్గా తీసెయ్యను. దాని తరవాత బయల్దేరిన సంతానం సంగతే నా బాధంతా. వీడన్‌గారి పేరులోని 'ఒక్కరోజు' అనే మాటని వీళ్లు పట్టుకున్నారు, పుస్తకాన్ని వదిలేశారు. మిగిలింది బొమ్మలు. ఆరు నిలువు గీతలు, నాలుగడ్డ గీతలు, వాటి మధ్య నల్లచుక్కలు. ఈ చుక్కల మీద వేళ్లు పెట్టు, ఇది జి. ఈ చుక్కల మీద పెట్టు, ఇది సి. ముగ్గులపుస్తకం అనుకోండి. ఇన్ని చుక్కలు, ఇన్ని వరసలు, కలుపుకుంటూ పో.

ముగ్గుల పుస్తకాన్ని నేను తక్కువ చెయ్యడంలేదు. మొదటి పదిహేను రోజులకి ఇంతకంటె మంచి పద్ధతి లేదు. చేతిలోని చెక్కడబ్బా ఒక్కసారి పాటలా మోగితే చాలు, మనిషి ఆ డబ్బాని వదలడు. ముగ్గులకోసం ఎంతెంతమంది ఎంత దూరం పోయారో! బీటిల్స్ కుర్రాళ్లు ఇంకా అనామకులుగా లివర్‌పూల్‌లో తిరిగే రోజుల్లో వాళ్లకి ఇ వచ్చు, ఎ వచ్చు, బి సెవెన్ అనే కార్డు మాత్రం రాదట. ఊరికి ఆ చివర ఎవరికో అది వచ్చునని తెలిస్తే గిటార్లు పట్టుకుని బస్సెక్కి పోయి, నేర్చుకుని వచ్చారట. పాల్ మెకార్ట్‌నీ ఈ సంగతి ఎన్నోసార్లు చెప్పాడు. వినేవాళ్లు ముచ్చటపడి, చూశారా ఎంత తపనో అంటారు. నిజమే, తపనే. కాని నాకు తపనకంటె ఇంకోటి కనిపించింది. ఫలానా బి సెవెన్ అనేది తమకి లేదని వాళ్లకెలా తెలిసింది? ఇ, ఎ రెండూ వాయిస్తుంటే పాటలో ఒకచోట ఈ రెండూ అతకలేదు. ఇక్కడ మూడోది ఉండాలి, అది మళ్లీ ఇ దగ్గరికి తోసుకొచ్చేదై ఉండాలి అని చెవి పట్టుబట్టింది. పేరు తరవాత తెలిస్తే తెలిసింది. ఈ లోటు తెలియడమే సంగీత శాస్త్రమంటే. మనవాడి పుస్తకంలో మూడువందల అరవై కార్డుల బొమ్మలున్నాయి, ఒక్క లోటు లేదు. బస్సెక్కాల్సిన అవసరం వాడికెప్పుడొస్తుంది చెప్పండి?

ఇ, ఎ, బి సెవెన్. వీటిని పేర్లుగా కాకుండా అంకెలుగా చూడండి. ఇ నుంచి ఏడు స్వరాలు లెక్కపెడితే ఇ ఒకటోది, ఎ నాలుగోది, బి అయిదోది. మనలెక్కలో స, మ, ప. మా వాడు జి లో వాయించిన పాటలో జి ఒకటి, సి నాలుగు, డి అయిదు. మధ్యలో వచ్చే ఇ మైనర్ ఆరోది. పాటకి గుర్తుండాల్సింది ఒకటి, ఆరు, నాలుగు, అయిదు అనే ఈ వరసేగాని జి, ఇ, సి, డి అనే అక్షరాలు కాదు. ఇంటి నంబరు మారినా వంటింట్లోంచి పెరట్లోకి దారి మారదు కదా. అత్తయ్య ఇ లో పాడుతోంది. అంటే వాడికి కావలసినవి ఇ, సి షార్ప్ మైనర్, ఎ, బి. ఇందులో రెండు వేళ్లకి కష్టమైనవే. పోనీ, వాడికి నిద్రలో లేపినా వచ్చే సి, ఎ మైనర్, ఎఫ్, జి ఉన్నాయిగా? అవీ ఒకటి, ఆరు, నాలుగు, అయిదే. నాలుగో మెట్టు మీద కాపో బిగించి (అన్ని తీగల్నీ ఒకేసారి నొక్కిపట్టే చిన్న పట్టకారు అది) ఆ కార్డులే వాయిస్తే అత్తయ్య శ్రుతి దొరికేది. కాపో ఆరోజు వాడి సంచీలోనే ఉంది. నేను చూశాను. వాడి పుస్తకంలో కాపో బొమ్మ కూడా ఉంది. దాని కింద 'శ్రుతి పెంచడానికి' అని ఒక ముక్క రాసి ఊరుకున్నారు. నాలుగు మెట్లు పైకి పోయే పరికరంతో, మూడు మెట్లు కిందికి దిగిన గొంతుని అందుకోవచ్చునని ఎవరైనా చెప్తే కదా తెలిసేది.

సరే, బొమ్మల పుస్తకాలు ఇలా ఉన్నాయి, శాస్త్రం పుస్తకాలే కొనుక్కోవచ్చుగా అంటారు. కొన్నాను. వాటితో నా గొడవ వేరు. అవి పియానో ముందు కూర్చుని రాసినవి. మొదటి పేజీలోనే అయిదు గీతలు, గీతల మీద కాయలు. పియానోకి ఇది అతికినట్టు సరిపోతుంది. ఒక కాయకి ఒక మీట. గిటారుకి అలా కుదరదు. కింది సన్నతీగ ఉత్తినే మీటితే మోగే ఇ స్వరమే రెండో తీగ అయిదో మెట్టు మీద ఉంది, మూడో తీగ తొమ్మిదో మెట్టు మీద ఉంది, నాలుగో తీగ పద్నాలుగో మెట్టు మీద కూడా ఉంది. కాగితం మీద కాయ ఒకటే. ఎక్కడ నొక్కాలో కాగితం చెప్పదు. పైగా గిటారుకి రాసే స్వరం, మోగే స్వరంకంటె ఒక స్థాయి పైన ఉంటుంది. ఈ ముక్క నేను నాలుగు నెలల తరవాత ఒక పుస్తకం అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో చదివాను. అప్పటిదాకా నా గిటారుకి ఏదో జబ్బు చేసిందనే అనుకున్నాను.

దీనికి విరుగుడుగా టాబ్ అని ఒకటుంది. ఆరు గీతలు ఆరు తీగలు, గీత మీద అంకె వేస్తే అది మెట్టు. ఇవాళ ఫోనులో ఏ పాట అడిగినా టాబ్ దొరుకుతుంది. ఇదేదో కొత్త కనిపెట్టు అనుకునేరు. 1536లో వాలెన్సియాలో లూయిస్ మిలాన్ అనే ఆయన 'ఎల్ మాయెస్ట్రో' అని ఒక పుస్తకం అచ్చువేశాడు. గిటారుకి అక్కలాంటి విహుయెలా అనే వాద్యం సొంతంగా నేర్చుకునేవాళ్లకోసం. అందులోనూ ఆరు గీతలు, గీతల మీద అంకెలే. ఒక్క తేడా ఉంది. మిలాన్ ఆ గీతల పైన ఏ స్వరం ఎంతసేపు నిలవాలో గుర్తులు వేశాడు. ఈనాటి ఫోను టాబుల్లో చాలావాటికి ఆ గుర్తులే లేవు. అంకెలు పక్కపక్కన పోసేసి, 'పాట మీకు తెలిసే ఉంటుందిగా' అన్నట్టు ఊరుకుంటారు. ఇన్ని వందల ఏళ్లలో మనం సాధించిన ప్రగతి, తాళం వదిలెయ్యడం! లయ లేని స్వరాలు ఉప్పులేని పప్పుతో సమానమని మా సంగీతం మాస్టారు అరిచేవారు పాపం.

మా సంగీతం మాస్టారంటే గుర్తొచ్చింది. ఇంటర్మీడియట్ దాకా నేను కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. వర్ణాల దాకా వచ్చి, పరీక్షలని మానేశాను. ఆ ధైర్యంతోనే గిటారు పట్టుకున్నాను. నిజం చెప్పొద్దూ, మొదట్లో చాలా సంబరపడ్డాను కూడా. వాళ్ల మేజర్ స్కేలంటే మన ధీర శంకరాభరణమే, ఇరవై తొమ్మిదో మేళకర్త. వాళ్ల మైనర్ మన నటభైరవి. అందులో నిషాదం ఒక్కటి పెంచి హార్మోనిక్ మైనర్ అంటే అది కీరవాణి. గిటారు మెడ మీద ఒక స్థాయికి పన్నెండు మెట్లు, మనకి పన్నెండు స్వరస్థానాలు. అన్నిటికంటె నన్ను ముచ్చటపెట్టింది పేర్ల గొడవ. ఎఫ్ షార్ప్ అన్నా జి ఫ్లాట్ అన్నా మెట్టు ఒకటే. మరి రెండు పేర్లెందుకని మా చర్చి మాస్టారి దగ్గర చేరే పిల్లలందరూ విసుక్కుంటారు. నాకా విసుగు రాలేదు. మన చతుశ్శ్రుతి రిషభమూ శుద్ధ గాంధారమూ కూర్చునేది ఒకే మెట్టు మీద కదా. పదిహేడో శతాబ్దంలో వేంకటమఖి 'చతుర్దండి ప్రకాశిక'లో డెబ్బయిరెండు మేళాలు కట్టేటప్పుడు, పన్నెండు స్థానాలకి పదహారు పేర్లు ఉంటేగాని లెక్క కుదరలేదు. ఎందుకంటే ప్రతి మేళంలోనూ స రి గ మ ప ద ని ఏడూ ఉండాలి, ఒక పేరు రెండుసార్లు రాకూడదు. జి మేజర్‌లో ఏడో స్వరాన్ని ఎఫ్ షార్ప్ అనడం కూడా అందుకే. జి ఫ్లాట్ అంటే జి లు రెండవుతాయి, ఎఫ్ మాయమవుతుంది. ఈ ఒక్కమాట ఏ గిటారు పుస్తకమైనా మొదటి పేజీలో చెప్తే ఎంతమంది పిల్లలకి తలనొప్పి తగ్గేదో!

ఈ జ్ఞానమంతా ఓరోజు మా మాస్టారి ముందు పరిచాను. ఆయన ఓపిగ్గా విని, "బాగుందమ్మా. సి పట్టుకోండి. ఇప్పుడు సి అనే స్వరం గొంతుతో నిలపండి" అన్నారు. నిలిపాను. షడ్జం, హాయిగా ఉంది. "ఆ స్వరం కదపకండి, కార్డు మాత్రం ఎఫ్‌కి మార్చండి." మార్చాను. నా షడ్జం పంచమం అయిపోయింది! "ఎ మైనర్‌కి మార్చండి." అదే స్వరం సాధారణ గాంధారమై, ఏడుపుగొట్టుగా నిలబడింది. నేను పాడుతున్నది మారలేదు. కిందనున్న నేల మారుతోంది. ఒకే మనిషి పుట్టింట్లో కూతురు, అత్తింట్లో కోడలు, చెల్లెలింట్లో పెద్దమ్మ అయినట్టు. మన సంగీతంలో తంబురా షడ్జాన్ని కదలనివ్వదు, అదే దాని అందం. కార్డుల సంగీతం అందమంతా కదలడంలోనే ఉంది. శంకరాభరణమూ మేజర్ స్కేలూ ఒకటేనని గెంతులేసిన నాకు ఆ సాయంత్రం నోట మాట రాలేదు. పట్టికలో ఒకటే. పాడితే మన గాంధారం ఒక మెట్టు మీద కుదురుగా కూర్చోనే కూర్చోదు. ముత్తుస్వామి దీక్షితులు ఇంగ్లీషు బాండు మేళాల వరసలకి సంస్కృతంలో సాహిత్యం కట్టి నోట్టు స్వరాలు చేశారు, అన్నీ శంకరాభరణంలోనే. 'గాడ్ సేవ్ ది కింగ్' వరస కూడా అందులో ఉంది. అంతటివారు కూడా ఆ బాండులోంచి తీసుకున్నది పైన నడిచే వరసనే. కింద కదిలే కార్డుల్ని అక్కడే వదిలేశారు. పోలికలు చూపించి మురిసిపోయే వ్యాసాలు మన పత్రికల్లో తరచు వస్తుంటాయి, నేనూ ఒకటి రాద్దామనుకున్నదాన్నే. మాస్టారి పుణ్యమా అని తప్పిపోయింది.

ఇక, శాస్త్రం నేర్చుకుంటే భావం చచ్చిపోతుందనే వాదం ఒకటుంది. మా అక్కయ్య కొడుకు కూడా ఇదే అంటాడు. జిమీ హెండ్రిక్స్‌కి స్వరలిపి చదవడం రాదుగా పిన్నీ, అంటాడు. రాదు. ఫ్లమెంకో గిటారులో అంతటివాడు లేడనిపించుకున్న పాకో డి లుసియాకీ రాదు. 1991లో రోడ్రిగో రచన 'అరన్‌హుయెస్ కన్సర్టో' వాయించవలసి వచ్చి, దానికోసం కాగితంతో కుస్తీ పట్టాడు. రాసిన రోడ్రిగోకి చూపులేదు, గిటారు వాయించడమూ రాదు! కానీ చదవడం రాకపోవడం వేరు, తెలియకపోవడం వేరు. మన పాలకొల్లు పిల్లవాడు మాండలిన్ శ్రీనివాస్ సంగతే చూడండి. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విని తీగ మీద పలికించేవాడు. ఏ వేలు ఎక్కడ పెట్టాలో చెప్పేవాళ్లు లేకపోవడమే ఆ పిల్లవాడికి వరమైంది. శాస్త్రం చెవిలోంచి వేళ్లలోకి దిగింది. మనవాళ్ల పుస్తకాలు వేళ్ల దగ్గర మొదలెట్టి వేళ్ల దగ్గరే ఆగిపోతున్నాయి. హెండ్రిక్స్ పేరు చెప్పుకుని చెవిని ఎగ్గొట్టడం, కాళిదాసుకి టైపు రాదు కాబట్టి నేనూ నేర్చుకోనన్నట్టుంటుంది.

నన్నడిగితే గిటారు పుస్తకం ఎలా ఉండాలో చెప్తాను. అడిగినవాళ్లు లేరనుకోండి. మొదటి పాఠంలో గిటారుని టేపు పెట్టి కొలవమనాలి. నాదాంట్లో తీగ పొడుగు అరవైఅయిదు సెంటీమీటర్లు. పన్నెండో మెట్టు సరిగ్గా సగంలో, ముప్ఫైరెండున్నర దగ్గర ఉంది. అక్కడ అదే స్వరం పైస్థాయిలో మోగుతుంది. మధ్యలో మెట్లు పైకి పోయేకొద్దీ దగ్గరవుతాయెందుకని? 1581లో విన్సెంజో గలిలీ అనే ల్యూట్ వాద్యకారుడు (సూర్యుడి చుట్టూ భూమి తిరుగుతోందని వాదించిన గలీలియో తండ్రి) చెప్పిన లెక్క, మిగిలిన తీగలో పద్దెనిమిదో వంతు దగ్గర ఒక మెట్టు, దాని తరవాత మిగిలినదాంట్లో మళ్లీ పద్దెనిమిదో వంతు. చివరికి సగానికి వెంట్రుకవాసి తేడాతో చేరుతుంది. చేత్తో కొలిచి చూసినవాడికి పన్నెండు మెట్లు బట్టీ పట్టనక్కర్లేదు. రెండో పాఠంలో ఇ మేజర్ పట్టుకుని, మూడో తీగ మీద వేలు ఒక్కటి ఎత్తెయ్యమనాలి. ఇ మైనర్ అవుతుంది. ఎందుకయింది? ఆ తీగ మీద అంతర గాంధారం సాధారణ గాంధారమైంది, అంతే. ఒక్క వేలు లేస్తే పెళ్లిపందిరి కాస్తా అప్పగింతలవుతుంది. ఇది విన్నవాడు మేజరంటే ఏమిటని మళ్లీ అడగడు. 1982లో రాల్ఫ్ డెన్యర్ అచ్చువేసిన 'ది గిటార్ హ్యాండ్‌బుక్' ఇలాంటి కుతూహలంతో రాసిన పుస్తకాల్లో ఒకటి. గిటారు తయారీ, చరిత్ర, శాస్త్రం, కార్డుల నిఘంటువు, అన్నీ ఒకేచోట కూర్చాడు. కాకపోతే విస్తట్లో అన్నీ ఒకేసారి వడ్డించినట్టుంటుంది. ఏది ముందు తినాలో కొత్తవాడికి పాలుపోదు.

ఉగాదికి మా అక్కయ్య ఇంటికెళ్లినప్పుడు బీరువా మీది సంచీ నేనే దింపించాను. ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. ఒక కాగితం మీద పైన జి, ఇ మైనర్, సి, డి అని, వాటి కింద ఒకటి, ఆరు, నాలుగు, అయిదు అని, దాని కింద సి, ఎ మైనర్, ఎఫ్, జి అని రాసిచ్చి, "కాపో నాలుగో మెట్టు మీద పెట్టు" అన్నాను. వాడు కాగితం వంకా నా వంకా చూశాడు. "ఇంతేనా పిన్నీ?" అన్నాడు. ఆ గొంతులో సంతోషంకంటె ఉక్రోషం ఎక్కువుంది. నిశ్చితార్థం నాటి ఎర్రటి చెవులు వాడికి గుర్తొచ్చినట్టున్నాయి.

పోయిన ఆదివారం వాడొక్కడే గిటారు భుజానేసుకుని తెనాలిలో అత్తయ్య ఇంటికి వెళ్లాడట. ఆవిడ ఫోను చేసి చెప్పింది. ఆరోజు ఆవిడకి జలుబు, గొంతు ఇంకో మెట్టు దిగింది. వాడు ఓ క్షణం విని, ఏమీ మాట్లాడకుండా కాపో మూడో మెట్టు మీదకి జరిపాడట. పల్లవీ మొదటి చరణమూ బ్రహ్మాండంగా వచ్చాయిట. రెండో చరణం మాత్రం ఆవిడే మరిచిపోయింది.